‘ముందు ప్లగ్గు పీకి’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ముందు ప్లగ్గు పీకి మునివేళ్ల పిన్నును
పట్టి యెడమచేతి వైపు తిప్పు
తీగ గుంజమాకు తెగిపోవు నడిమిది
బొమ్మ పోవు నెట్టు పోవునమ్మ

అవతారిక

విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగ్దల్‌పుర్ పోయే ముప్ఫయ్యో నంబరు జాతీయ రహదారి మీద, ఆంధ్ర అయిపోయి తెలంగాణ మొదలయ్యేందుకు కాస్త ఇవతల, తిరువూరు ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లా, ఆనాటి నుంచి ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు మారినా మామిడితోటలు మారలేదు, కరెంటు స్తంభాలూ మారలేదు. ఆ స్తంభాల మీద కరెంటు తీగల కింద కేబులు తీగలు, వాటి పక్కన ఫైబరు తీగలు. వేసవిలో ఈదురుగాలితో వాన పడి వెలిసిన సాయంత్రం ఊళ్లో రెండు రకాల పరామర్శలు వినిపిస్తాయి: తోటలో కాయ ఎంత రాలింది, ఇంట్లో బాక్సు పోయిందా ఉందా.

రెండో పరామర్శ వేళ, లేదా ఇంటికి సున్నాలేయించి టీవీని ఆ గోడ నుంచి ఈ గోడకి మార్చుకునే వేళ, కేబులు కుర్రాడికి ఫోను వెళ్తుంది. అతను మరో వీధిలో నిచ్చెన మీద ఉంటాడు. దిగి రావడానికి పొద్దుపోతుంది కనుక చెయ్యాల్సింది ఫోనులోనే చెప్తాడు. ఆ మాటలే పై పద్యానికి మూలం. అతను చెప్పింది వచనం. దాన్ని ఆటవెలదిలో ఇరికించిన పాపం టీకాకారుడిది. వచనంలో ‘గుంజమాకండి’ అని మర్యాదగానే ఉంది. గణాల ఇరుకులో ‘అండి’ జారిపోయింది. అందుకని ఎవరూ ఆ కుర్రాడి నెల బిల్లు ఆపవద్దు.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన వ్యాఖ్యానించింది కాళిదాసుని. కాళిదాసు పద్యం తప్పుగా అర్థం చేసుకున్నా ఎవరికీ షాకు కొట్టదు. ఇక్కడ కొడుతుంది. కాబట్టి ఈ టీక ఆ నియమాన్ని అక్కడక్కడా దాటుతుంది.

ప్రతిపదార్థం

అమ్మ = ఓ ఇల్లాలా; ముందు = మరే పనికన్నను పూర్వమే; ప్లగ్గు = గోడబోర్డున గుచ్చిన కరెంటు ప్లగ్గును; పీకి = ఊడదీసి (స్విచ్చి నొక్కి ఊరకుండుట కాదని భావము); మునివేళ్లన్ = బొటనవ్రేలు, చూపుడువ్రేలు కొసలచేత; పిన్నును = కేబులు కొసనున్న, మరలు గల లోహపు తొడుగును; పట్టి = గ్రహించి; ఎడమచేతి వైపు = అప్రదక్షిణముగా; తిప్పు = త్రిప్పుము; తీగ = కేబులును; గుంజమాకు = లాగకుము; (లాగినచో) నడిమిది = లోపలి సన్నని లోహపు తీగ; తెగిపోవు = తెగును; (అంతట) బొమ్మ = టీవీ యందు కనబడునది; పోవు = మాయమగును; నెట్టు = ఇంటర్నెట్టు; పోవును = అదియు నట్లే యగును.

తాత్పర్యం: కరెంటు తీసి, పిన్ను పట్టుకుని, విప్పు. వైరు జోలికి పోకు.

ఇంతేనా అంటే ఇంతే. అయితే ఇందులో ఒక్కో మాట వెనక ఒక్కో కారణం దాక్కుని ఉంది. నిచ్చెన మీది మనిషికి అవన్నీ విప్పి చెప్పే తీరిక ఉండదు.

‘ముందు ప్లగ్గు పీకి’

ఇక్కడ పూర్వపక్షం: కేబులులో వచ్చేది సిగ్నలు, కరెంటు కాదు. సిగ్నలు మిల్లీవోల్టుల్లో ఉంటుంది, చీమను కూడా కుట్టదు. మరి ప్లగ్గు ప్రసక్తి దేనికి?

సమాధానం. సిగ్నలు సాధువే. దాని వెంట ఊళ్లోకి వచ్చేవాళ్లతోనే పేచీ. సెట్ టాప్ బాక్సుకీ, మోడెముకీ మనం గుచ్చే ప్లగ్గు సాధారణంగా రెండు కాళ్లది. మూడో కాలు, అంటే ఎర్తు, ఉండదు. లోపలి పవరు సప్లైలో 230 వోల్టుల వైపు నుంచి లోహపు వైపుకి ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది, రేడియో రొదను అణచడానికి. ఆ దారిన అతి కొద్ది కరెంటు బాక్సు పిన్ను మీదికి చేరుతుంది. ఎర్తు లేదు కనుక పోవడానికి చోటు లేక అక్కడే కూచుంటుంది. మీటరు పెట్టి చూస్తే మెయిన్సులో దాదాపు సగం వోల్టేజి కనిపిస్తుంది. చెయ్యి తగిలితే జిల్లుమంటుంది. బాక్సు బాగున్నంతకాలం ఆ జిల్లు ప్రాణం తీసేది కాదు. కానీ చెయ్యి విసురుగా వెనక్కి లాగుతాం, స్టూలు కదులుతుంది, ఆ పైన జరిగేదానికి సిగ్నలుతో నిమిత్తం లేదు.

రెండో సంగతి దీనికన్నా గట్టిది. కేబులు పైఅల్లిక మీ ఇంట్లో ఆగదు. స్ప్లిట్టరు దగ్గర పక్కింటి అల్లికతో కలుస్తుంది, వాళ్లది ఎదురింటితో కలుస్తుంది. నాలుగిళ్ల బాక్సుల లీకేజీ ఒకే లోహం మీద పోగవుతుంది. ఎవరింట్లోనైనా ఏ పాత టీవీలోనో ఇన్సులేషను చెడి ఫేజు ఆ అల్లిక మీదికి ఎక్కినా, గాలికి స్తంభం మీద కరెంటు తీగ తెగి కేబులు మీద పడినా, ఆ వార్త ముందు మీ చేతికే తెలుస్తుంది. అప్పుడు మీ ప్లగ్గు పీకినా లాభం లేదు, ఎందుకంటే కరెంటు మీ ఇంట్లోది కాదు. అందుకని ‘ముందు’ అన్నమాటలో ఇంకొంత అధ్యాహారం చేసుకోవాలి: పొడి చేత్తో, కాళ్లకి చెప్పులతో, రెండో చెయ్యి ఫ్రిజ్జు మీదా కిటికీ ఊచ మీదా పెట్టకుండా. ప్లగ్గు పీకాక కూడా పిన్ను జిల్లుమంటోందంటే విప్పడం మానేసి, అతను నిచ్చెన దిగేదాకా ఆగాలి. టెస్టరు వెలిగితే ‘కొంచెమే వెలిగింది’ అనుకోవద్దు. ఆ దీపం చిన్న లీకేజీకీ వెలుగుతుంది, నిండు ఫేజుకీ వెలుగుతుంది. ఏది ఏదో పోల్చుకునే పని ఇల్లాలిది కాదు.

‘స్విచ్చి కట్టేస్తే చాలదా’ అనేది మరో ఆక్షేపణ. స్విచ్చి తెంపేది రెండు తీగల్లో ఒకదాన్నే. వైరింగు చేసినవాడు దాన్ని పొరపాటున న్యూట్రలు మీద పెట్టి ఉంటే, దీపం ఆరుతుంది గాని ఫేజు లోపలే ఉంటుంది. మోడెము ఇన్వర్టరు మీద ఉన్న ఇళ్లలో మెయిను కట్టేసినా అది వెలుగుతూనే ఉంటుంది. కవి ‘ఆపి’ అని రాయొచ్చు, గణాలూ సరిపోతాయి. అయినా ‘పీకి’ అనే అన్నాడు.

కేబులువాళ్ల కంట్రోలు రూములో ఈ పాదానికి వేరే అర్థం చెప్పుకోవాలి. అక్కడి రాకుల్లో పరికరానికి ఎర్తు తీగ ఉంటుంది. అది అన్నిటికన్నా ముందు బిగించేది, అన్నిటికన్నా చివర విప్పేది. పైగా పెద్ద లైన్లలో దారిపొడుగునా ఉండే ఆంప్లిఫైయర్లకు చాలాచోట్ల 60 వోల్టుల ఏసీ కరెంటుని కూడా అదే కోయాక్సియల్ కేబులు మీద పంపుతారు. ఇంటికి తీగ చీలే ట్యాపు దగ్గర దాన్ని ఆపేస్తారు కనుక ఇల్లాలికి ఆ భయం లేదు. స్తంభం మీద ఉన్నవాడికి ఉంది.

ఉరుములు మెరుపులు మొదలయ్యాక ఈ పద్యం పూర్తిగా నిషిద్ధం. పీకదలిస్తే మబ్బు కమ్మినప్పుడే పీకాలి. పిడుగు పడే వేళ ఆ కేబులు ఊరంతటికీ చాచిన లోహపు చెయ్యి. అప్పుడు బాక్సు పోతే పోనివ్వాలి.

‘మునివేళ్ల’

పట్టకారు వద్దని అర్థం. బాక్సు వెనక ఉన్న మరల గొట్టం లోపల సర్క్యూటు బోర్డుకి అతికించి ఉంటుంది. కటింగు ప్లయరుతో బిర్రుగా బిగిస్తే ఆ అతుకు ఊగుతుంది, మరోసారి విప్పేటప్పుడు గొట్టమే తిరుగుతుంది. స్తంభం మీద మాత్రం వానా గాలీ ఉంటాయి కనుక కేబులు కుర్రాడు 11 మిల్లీమీటర్ల పానాతో బిగిస్తాడు. అది అతని పాఠం, ఇంట్లో పనికిరాదు.

‘ఎడమచేతి వైపు తిప్పు’

ఎవరి ఎడమ? వ్యాఖ్యాతలు తలలు బద్దలు కొట్టుకోవాల్సిన చోటు ఇది. పిన్నుకి ఎదురుగా నిలబడి చూసేవారి ఎడమ. కానీ ఇల్లాలు టీవీ ముందు నిలబడి, బాక్సు మీదుగా వంగి, వెనక్కి చెయ్యి పోనిచ్చి, కనపడని పిన్నుని తడుముతుంది. అక్కడ దిక్కు తారుమారు. తన ఎడమ అనుకున్నది పిన్నుకి కుడి. ఆమె విప్పుతున్నాననుకుంటుంది, అది బిగుస్తుంది. బాగా బిగిశాక ‘తుప్పు పట్టిందేమో’ అని బలం పెడుతుంది. లోకంలో విరిగిన పిన్నుల్లో చాలావాటికి ఇదే కారణమని టీకాకారుడి నమ్మకం. బాక్సుని ముందుకి తిప్పుకుని, పిన్నుని కళ్లతో చూస్తూ విప్పడమే దీనికి మందు.

ఇంకో చిక్కు. ‘తిప్పు’ అన్న విధి అన్ని శాఖలవారికీ ఒకటి కాదు. బాక్సుకీ కేబులు మోడెముకీ ఉండేది మరల పిన్ను, దాన్ని ‘ఎఫ్’ అంటారు. అక్కడ చాలా చుట్లు తిప్పాలి. సీసీ కెమెరా డీవీఆర్ వెనక ఉండేది బీఎన్‌సీ. ఆ పేరులో ఇద్దరు ఇంజనీర్ల పేర్లు, నీల్, కాన్సెల్మన్, దాగి ఉన్నాయి. అక్కడ కాస్త లోపలికి నొక్కి, పావు చుట్టు తిప్పి, బయటికి తియ్యాలి. పావుకి మించి తిప్పబోతే చెవులు విరుగుతాయి. పాత టీవీల ఆంటెన్నా రంధ్రంలో పెట్టేది మూడోది, మరలే లేని పిన్ను. దాన్ని తిప్పడం కాదు, తిన్నగా లాగాలి. ఇక నాలుగోది లోహపు తీగే కాదు: ఫైబరు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను అన్నారు. ఆ తీగ మన ఊళ్లకి వచ్చింది కరెంటు స్తంభాల మీదుగానే. ఇళ్లలో ఫైబరు చివర తరచు కనిపించే ఆకుపచ్చ పిన్నుని తిప్పితే అంతే సంగతులు. అది నెడితే ఎక్కుతుంది, లాగితే వస్తుంది. అందులో కరెంటు ఉండదు గనక మొదటి పాదంతో పని లేదనుకోవచ్చు గాని, కొసలోకి తొంగి చూడకూడదు. వచ్చే వెలుతురు కంటికి కనపడని జాతి, చూసినా ఏమీ కనిపించదు. కంటికి మాత్రం తగులుతుంది.

‘తీగ గుంజమాకు’

పద్యానికి ఇది గుండెకాయ. కాస్త ఆగుదాం.

ఈ తీగని అడ్డంగా కోస్తే తిరువూరు వారికి వెంటనే మామిడికాయ గుర్తొస్తుంది: నడుమ టెంక, చుట్టూ గుజ్జు, పైన తొక్క. నడుమ లోహపు తీగ, దాని చుట్టూ నురగ ప్లాస్టిక్కు, ఆపై రేకూ సన్నని తీగల అల్లికా, అన్నిటికీ పైన నల్లటి తొడుగు. గుజ్జులో ఏమీ లేదు, ఖాళీని నిలబెట్టడానికి పెట్టారు అనిపిస్తుంది. నిజం తలకిందులు. సిగ్నలు నడిచేది ఆ గుజ్జులోనే. లోపలి తీగ, పైఅల్లిక దానికి రెండు గట్లు. ప్రయాణం నడిమి జాగాలో.

కోయాక్సియల్ అనే ఈ రకం తీగకి 1880లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నవాడు ఆలివర్ హెవిసైడ్. చెవులు సరిగా వినపడని మనిషి, టెలిగ్రాఫు ఉద్యోగం మానేసి, ఇంట్లో కూచుని సొంతంగా గణితం నేర్చుకున్నాడు. చాలా ఏళ్లకి, 1929లో, అమెరికాలో ఎస్పెన్షీడ్, ఆఫెల్ అనేవాళ్లు ఒకే తీగలో లెక్కలేనన్ని మాటల్ని ఒకేసారి పంపే పద్ధతికి దాన్ని పేటెంటు చేశారు. ఇప్పుడు ఆ తీగే వీధి వీధికీ గోడల మీద వేలాడుతోంది.

మన ఇళ్లకి వచ్చేదాన్ని ఆర్జీ సిక్సు అంటారు. నడిమి తీగ మందం ఒక మిల్లీమీటరు. నురగ ప్లాస్టిక్కుతో కలిపితే సుమారు నాలుగున్నర. ఆ ఒకటికీ నాలుగున్నరకీ ఉన్న నిష్పత్తే అసలు మర్మం. ప్రధానంగా దానివల్లే తీగకి 75 ఓముల స్వభావం వస్తుంది. బాక్సు కూడా 75 ఓములకే తయారై ఉంటుంది. రెండూ ఒకటైనంతసేపూ సిగ్నలు సాఫీగా దిగుతుంది. తీగ మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా ఆ నిష్పత్తి చెక్కుచెదరకూడదు. ఎక్కడైనా నొక్కుకుని నాలుగున్నర మూడున్నర అయితే, ఆ చోట సిగ్నలులో కొంత ముందుకి పోక వెనక్కి తిరుగుతుంది. పాత టీవీల రోజుల్లో మనిషి పక్కనే వాడి నీడబొమ్మ కనపడేది, గుర్తుందా? ఈ వెనక్కి తిరిగిన సిగ్నలు నిర్వాకం కూడా అందుకు ఒక కారణమే.

ఇది తెలిశాక నిషేధాలన్నీ ఒక్కటే అవుతాయి. గుంజితే నురగ సాగి సన్నబడుతుంది, అల్లిక పిన్ను నుంచి ఊడొస్తుంది. తలుపు సందులో పెట్టి మూస్తే చదునవుతుంది. మేకు కొట్టి బిగిస్తే గుంట పడుతుంది. గోడ మూల దగ్గర ముడుచుకోవాలంటే ఏడు సెంటీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకుండా, పెద్ద వంపుతో తిప్పాలి. ముడుతపడేలా వంచితే మళ్లీ చక్కజేసినా లోపలి గుంట అలాగే ఉంటుంది. ఇన్ని ఎందుకు, ఆ నడిమి జాగాకి అపకారం జరగకూడదు, అంతే. మిగిలిన తీగని అందం కోసం బిగుతుగా చుట్టి రబ్బరు బ్యాండు వేసే ఇళ్లున్నాయి. టీకాకారుడు వాళ్లని ఏమీ అనడు, అందమూ ఉండాలి. చుట్ట మాత్రం పళ్లెమంత వెడల్పుగా ఉండాలి.

‘తెగిపోవు నడిమిది’

మామూలుగా ఏ ప్లగ్గుకైనా ముల్లు ప్లగ్గుతో పుడుతుంది. ఈ ఎఫ్ పిన్నుకి ముల్లు లేదు. తీగలోని నడిమి లోహమే నేరుగా బయటికి వచ్చి ముల్లుగా పనిచేస్తుంది. 1950ల మొదట్లో జెరాల్డ్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తూ ఎరిక్ విన్‌స్టన్ చేసిన ఆలోచన ఇది. ఒక భాగం తగ్గితే పిన్ను కారుచౌక అవుతుంది. కోట్ల ఇళ్లకి పోయే పిన్నుకి అదే కావాలి. కానీ ఆ పొదుపుకి ధర ఇక్కడ చెల్లిస్తున్నాం: ముల్లు వంగినా విరిగినా కొత్త ముల్లు కొనలేం. తీగ కొసని కోసి, మళ్లీ ఒలిచి, కొత్త పిన్ను వేసుకోవాల్సిందే. ఆ నడిమి తీగ చాలాసార్లు పూర్తి రాగి కూడా కాదు, ఉక్కు మీద రాగి పూత. ఉక్కు గనక ఒకసారి మడిస్తే నిలుస్తుంది, అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే టక్కున తెగుతుంది. పిన్ను పెదవి దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంటే సరి. మరీ పొట్టైతే లోపలి పట్టుకి అందదు, మరీ పొడుగైతే లోపల గుచ్చుకుంటుంది.

ఇంకొకటి, పైఅల్లికలో వెంట్రుకంత తీగ ఒక్కటి తప్పించుకుని ముల్లుకి తగిలితే, పిన్ను ఎంత చక్కగా బిగించినా సిగ్నలు సున్నా. అందరూ బాక్సుని తిడతారు.

‘బొమ్మ పోవు నెట్టు పోవునమ్మ’

‘పోవు’ అని రెండుసార్లు ఎందుకన్నాడు, పునరుక్తి దోషం కాదా? కాదు, రెండు పోవడాలూ వేరువేరు రకాలు. పాత రోజుల్లో బొమ్మ మెల్లమెల్లగా పోయేది: ముందు చుక్కలు, తర్వాత నీడలు, తర్వాత గొంతు మాత్రం. కేబులు ప్రసారాలన్నీ డిజిటలు కావాలన్న ఆఖరి గడువు 2017 మార్చి 31. డిజిటలులో ఆ మెల్లదనం లేదు. సిగ్నలు తగ్గుతున్నా తగ్గుతున్నా బొమ్మ నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒక గీత దాటగానే గళ్లు పడి ఠక్కున ఆగుతుంది. కాబట్టి ‘నిన్నటిదాకా బాగానే ఉంది, వైరు తప్పేం కాదు’ అనే వాదం చెల్లదు. నిన్న గీతకి ఇవతల ఉంది, ఇవాళ అవతల ఉంది. కేబులు మోడెములో నెట్టు ఇంకా పెళుసు, అది వినడమే కాదు తిరిగి మాట్లాడాలి కూడా. వదులు పిన్నులోంచి వీధి రొద లోపలికి చొరబడితే ఒక ఇంటి పిన్ను వల్ల ఆ లైనులోని ఇళ్లన్నీ నసుగుతాయి.

1990ల కంప్యూటరు ల్యాబుల్లో చదివినవాళ్లకి ఈ పాదం బాగా తెలుసు. అప్పటి నెట్‌వర్కులు సన్నటి కోయాక్సియల్ తీగతోనే నడిచేవి. ఒక్కో తీగ 185 మీటర్లకి మించకూడదు, రెండు కొసలా 50 ఓముల మూత ఉండాలి. చివరి బెంచీ కుర్రాడు ఆడుతూ ఆ మూత విప్పాడా, ల్యాబు మొత్తం ఆగిపోయేది. తీగ కొసకి చేరిన సిగ్నలుకి దిగే చోటు లేక వెనక్కి తిరిగి అందరి మాటల్నీ చెరిపేసేది. ఇప్పటికీ స్ప్లిట్టరులో వాడని రంధ్రాన్ని 75 ఓముల మూతతో మూయమనేది అందుకే. ఎవరూ మూయరు, అది వేరే సంగతి.

పాఠాంతరం

‘పిన్నును పట్టి’ అన్నచోట కొన్ని ఇళ్లలో ‘పుల్లను పట్టి’ అన్న పాఠం ఉండేది. పిన్ను పోయినప్పుడు తీగని ఒలిచి, నడిమిదాన్ని టీవీ రంధ్రంలో గుచ్చి, ఊడకుండా పక్కన అగ్గిపుల్ల దోపడం ఈ పాఠానికి ఆధారం. ఏ పుస్తకాల్లోనూ లేకపోయినా దేశమంతటా వ్యాపించిన పాఠం కనుక టీకాకారుడు ప్రస్తావించక తప్పలేదు. పైఅల్లిక దేనికీ తగలకుండా వేలాడుతుంది కనుక సిగ్నలుకి రెండు గట్లలో ఒకటి లేనట్టే. పాత టీవీల రోజుల్లో దానితోనే ఏదో కొంత బొమ్మ వచ్చేది, అంతే. కనక ఈ పాఠం ప్రక్షిప్తం.

అనుక్తం

విప్పడం చెప్పిన పద్యం బిగించడం చెప్పలేదు. వెనకనుంచి చదువుకోమని ఊహ. ముందు ముల్లు తిన్నగా ఉందో లేదో చూసి, రంధ్రం నడుమ పెట్టి, మొదటి రెండు చుట్లూ వేళ్లతో తేలిగ్గా తిప్పాలి. అడ్డంగా ఎక్కిన మర ఆ రెండు చుట్లలోనే మొరాయిస్తుంది, అప్పుడే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. తిరగాల్సింది పిన్ను ఒక్కటే, తీగ మెలిపడకూడదు. కేబులు పూర్తిగా బిగిశాకనే కరెంటు ప్లగ్గు. బయటినుంచి ఇంట్లోకి వచ్చే తీగని గోడ రంధ్రానికి ముందు కాస్త కిందికి వేలాడదియ్యాలి, వాననీళ్లు అక్కడ బొట్లు బొట్లుగా రాలిపోతాయి, లేకపోతే తీగ వెంట లోపలికి నడిచి వస్తాయి.

ప్లగ్గు పెట్టాక బాక్సు మేలుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మోడెముకి ఇంకాస్త ఎక్కువ. తెర మీద ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. చాలామంది సరిగ్గా ఆ నిమిషాల్లోనే మళ్లీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, ప్లగ్గు ఉండగానే, పిన్ను విప్పుతారు.